ఇన్వర్టర్ లైను ఏ గదికి?

మొన్న వేసవిలో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో తమ్ముడు ఒక ఫార్వర్డ్ పెట్టాడు. పైన లాంతరు బొమ్మ, కింద నాలుగు లైన్లు. కరెంటు పోతే ఇంటిల్లిపాదీ వాకిట్లో చేరేవాళ్ళమనీ, ఇప్పుడు కరెంటు పోవడం తగ్గింది, మనుషులు కలవడమూ తగ్గిందనీ దాని సారాంశం. డాలస్‌లో ఉన్న చెల్లెలు వెంటనే హృదయం గుర్తు పెట్టింది. నేనూ పెట్టాను. పది నిమిషాల తర్వాత బొబ్బిలి నుంచి అమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది. అమ్మకి టైపు చెయ్యడం రాదు, ఏదైనా మాటల్లోనే చెబుతుంది.

"మీకు బాగానే ఉండేది. రాత్రంతా విసిరింది నేను. ఆ రోజులు నాకొద్దు బాబూ."

అంతే. గ్రూపులో ఆ రోజు ఇంకెవరూ ఏమీ అనలేదు.

అదే వారంలో మా ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించాం. విశాఖలో మద్దిలపాలెం దగ్గర మా ఫ్లాటు. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు మూత విప్పి, స్క్రూలన్నీ అరచేతిలో పోసుకుని, "ఏయే పాయింట్లు ఇన్వర్టర్ మీద వెయ్యమంటారు మేడమ్?" అని అడిగాడు. ఇంత చిన్న ప్రశ్నకి మా ఇంట్లో గంటసేపు చర్చ జరిగింది. ఇంటర్ చదువుతున్న మావాడికి వాడి గదిలో ఫ్యాను, లైటు, చార్జింగ్ పాయింట్ కావాలి. అమ్మాయికి వైఫై రౌటర్ కావాలి. మావారికి టీవీ. మా అత్తగారు మాత్రం "నా గదిలో జీరో బల్బు ఉంటే చాలమ్మా" అన్నారు. నాకు అమ్మ మాట చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. ఎలక్ట్రీషియన్‌తో, "హాల్లో ఒక ఫ్యాను, ఒక ట్యూబ్‌లైటు. వంటింట్లో లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాను. అంతే వెయ్యి బాబూ" అని చెప్పాను. అతను ఒకసారి మావారి వైపు చూశాడు. "అందరూ అన్ని గదులకీ వేయించుకుంటారండి" అన్నాడు.

అలా ఎందుకు చెప్పానో ఆ రోజు ఇంట్లో వాళ్ళకి సరిగ్గా వివరించలేకపోయాను. ఈ వ్యాసం ఆ వివరణే.

విసనకర్ర ఎవరి చేతిలో

తమ్ముడు పెట్టిన ఫార్వర్డులో అబద్ధం లేదు. నాకూ ఆ రాత్రులు బాగా గుర్తున్నాయి. నాన్న వాకిట్లో నులకమంచం వాల్చేవారు. మేం ముగ్గురం దాని మీద అడ్డదిడ్డంగా పడుకునేవాళ్ళం. ఆయన పొడుపుకథలు వేసేవారు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు, ఏమిటి?" అంటే తమ్ముడు ప్రతిసారీ మొదటిసారి విన్నట్టు ఆలోచించి, కనురెప్పలు అని చెప్పేవాడు. పక్కింటి వాళ్ళు కూడా వచ్చి అరుగు మీద కూర్చునేవారు. కరెంటు వచ్చిందంటే వీధి వీధంతా ఒక్కసారి "వచ్చిందోయ్" అని అరిచేది.

ఈ జ్ఞాపకంలో అమ్మ ఎక్కడుంది? అమ్మ మెసేజ్ విన్నాక నేను చేసిన పని ఆమెని ఆ వాకిట్లో వెతకడం. కనిపించలేదు. చాలాసేపు ఆలోచిస్తే దొరికింది. ఆమె వంటింట్లో ఉంది. ఇంట్లో రెండు లాంతర్లుంటే ఒకటి వాకిట్లో మాకు, రెండోది వంటింటి గూట్లో. పొయ్యి వేడి, లాంతరు వేడి, ఆ కిరసనాయిలు వాసన మధ్య చారు పోపు వేస్తూ ఉంది. మా భోజనాలయ్యాక గిన్నెలు దొడ్లో వేసి, అప్పుడు వచ్చి మంచం పక్కన పీట మీద కూర్చునేది. కూర్చోగానే తాటాకు విసనకర్ర అందుకునేది. చెల్లి చిన్నపిల్ల, గాలి ఆగితే ఏడ్చేది. అందుకని అమ్మ నిద్రలోకి జారుకుంటున్నా ఆమె చెయ్యి మాత్రం ఆడుతూనే ఉండేది. ఒక్కోసారి విసనకర్ర జారి కింద పడేది. ఉలిక్కిపడి లేచి మళ్ళీ విసిరేది.

లాంతరు పని కూడా చెప్పాలి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గాజులు తుడిచి ఉంచాలి. గాజు మూతి ఇరుకు. లోపలికి పట్టే చెయ్యి నాదొక్కటే కాబట్టి ఆ పని నాది. బూడిద అద్దిన పాతగుడ్డని వేళ్ళకి చుట్టుకుని లోపల తిప్పితే మసి వచ్చేది. తర్వాత పొడిగుడ్డతో ఒకసారి, నోటి ఆవిరి పట్టి ఇంకోసారి. ఎక్కడైనా గీతంత మసి మిగిలితే రాత్రి ఆ గీత నీడ గోడ మీద ఇంత పొడుగున పడేది. రేషన్‌లో ఇచ్చే నీలిరంగు కిరసనాయిలు నెలాఖరుకి అయిపోతే, అప్పు తెచ్చుకోవడానికి గిన్నె పట్టుకుని వెళ్ళేది కూడా అమ్మే. మొత్తం మీద ఆ రాత్రుల్లో సెలవు మా నలుగురికీ దొరికింది. అమ్మకి పని రెట్టింపయింది. అందుకే ఆమె "నాకొద్దు" అంది. ఆ మాటకి నేను ఎదురు చెప్పలేను. ఆ పాత రోజులు తిరిగి రావాలని కోరుకునే హక్కు నాకు లేదు.

ఇదే మాట ఇంకొంచెం దూరం పట్టుకెళ్ళాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2012, 2013 వేసవులు గుర్తున్నవాళ్ళకి కోతలంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీలకి పవర్ హాలిడేలు, అంటే కరెంటు ఇవ్వని రోజులు. మా పెదనాన్నగారి అబ్బాయికి పిండిమర ఉండేది. కరెంటు లేని పూట వాడికి కూలి లేని పూట, ఇంట్లో కుటుంబంతో గడిపే సమయం అని వాడెప్పుడూ అనుకోలేదు. మా మావయ్య సంగతి మరీ వేరు. పొలం మోటార్లు నడిచే త్రీఫేజ్ కరెంటు అర్ధరాత్రి ఇచ్చేవారు. టార్చిలైటు పట్టుకుని పొలం వెళ్ళి మోటారు షెడ్డు దగ్గర కాపలా కాసేవాడు. కరెంటు పోవడం మాకు ఇంట్లో అందరినీ కలిపితే, కరెంటు రావడం ఆయన్ని ఇంట్లోంచి తీసుకుపోయేది. పాము కాటుకో షాకుకో రాత్రి మోటారు దగ్గర పోయినవాళ్ళు మా వైపు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కోతలు తగ్గడం మంచిదే. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

తొమ్మిది రాత్రులు

అయినా కలిసి కూర్చోవడం అనేదాంట్లో ఏదో ఉంది, దాన్ని నేను పెద్దయ్యాక, కళ్ళు తెరుచుకుని చూశాను. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. విశాఖ వాళ్ళకి ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. తుపాను కన్ను మా మీదుగా వెళ్ళేటప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగింది, అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు, తర్వాత రెండోవైపు నుంచి మళ్ళీ మొదలైంది. మా వీధికి కరెంటు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పుడు మేం అద్దెకున్న ఇంట్లో కింద మేము, పైన ఇంటివాళ్ళు. మావాడికి అయిదేళ్ళు, అమ్మాయి చంటిపిల్ల.

మొదటి రెండు రాత్రులు భయం తప్ప ఇంకేమీ లేదు. ఫోన్లు పలకవు. బొబ్బిలిలో అమ్మావాళ్ళు ఎలా ఉన్నారో తెలీదు. ట్యాంకులో నీళ్ళు అడుగంటాయి, మోటారు వెయ్యడానికి కరెంటు లేదు. పాల కోసం తెల్లవారుజామునే వెళ్ళి నిలబడాలి. మూడో రాత్రి నుంచి ఏదో కుదుటపడింది. ఊరిలో ఒక్క కొవ్వొత్తి దొరకలేదు. పైనింటి మావయ్యగారు పూజగదిలో ప్రమిదలు, నువ్వులనూనె తెచ్చారు. ఉన్న నూనెని రెండిళ్ళకీ విడగొడితే రెండురోజులు కూడా రాదు. అందుకని రెండు కుటుంబాలూ సాయంత్రమయ్యేసరికి వాళ్ళ హాల్లోనే చేరేవాళ్ళం. ఒకటే వంట, ఒకటే దీపం. తుపాను రోజుకి పౌర్ణమి వెళ్ళి నాలుగు రోజులే అయింది కాబట్టి మొదట్లో చంద్రుడు తొందరగానే వచ్చేవాడు, తర్వాత రోజురోజుకీ ఆలస్యం. ఆ చీకటి గంటల్లో విశాఖ ఆకాశంలో అన్ని చుక్కలుంటాయని నాకు మొదటిసారి తెలిసింది. మావాడు డాబా మీద వెల్లకిలా పడుకుని లెక్కపెట్టి, వంద దాటగానే లెక్క తప్పి, మళ్ళీ మొదలెట్టేవాడు.

ఆ తొమ్మిది రాత్రుల్లో ఒక సంగతి గమనించాను. మేము కలిసి కూర్చున్నది ఒకరి మీద ఒకరికి ప్రేమ పొంగుకొచ్చి కాదు. నూనె చాలక. ఆ నూనె చాలకపోవడం వల్లే, మూడేళ్ళు ఒకే కప్పు కింద ఉండి కూడా తెలియని విషయాలు తెలిశాయి. ఇంటి పెద్దావిడ చిన్నప్పుడు పెద్దగాలికి ఇల్లు ఎగిరిపోయిన కథ, వాళ్ళబ్బాయితో మావయ్యగారు ఎందుకు మాట్లాడటం మానేశారో ఆ కథ. పక్క జిల్లా నుంచి వచ్చిన లైన్‌మన్‌లు తొమ్మిదో రోజు సాయంత్రం మా స్తంభం నిలబెట్టి లైను ఇచ్చారు. ఎవరింటికి వాళ్ళం వెళ్ళిపోయాం. ఆ ఏడు దీపావళికి ఎండుకొమ్మలు వీధుల్లో గుట్టలుగా ఉన్నాయని టపాసులు వద్దన్నారు. ఆ రోజు ఆవిడ నన్ను పిలిచి, ఆ ప్రమిదలే చూపించి, మిగిలిన నూనె రెండు చుక్కలు చెరిసగం పోసింది.

చెల్లెల్ని కూడా అడిగాను. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపానుకి లక్షల ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు వాళ్ళింట్లో హీటర్ ఆగిపోయింది. నలుగురూ ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని ఒకే గదిలో పడుకున్నారు. "అక్కా, పిల్లలు ఇప్పటికీ ఆ రోజుల్ని పండగలా చెబుతారు. నాకు మాత్రం చిన్నదాని కాళ్ళు చల్లబడుతున్నాయా అని రాత్రంతా పట్టుకుని చూడటమే గుర్తు" అంది. చలికి ఆగలేక మూసిన గ్యారేజీలో కారు స్టార్ట్ చేసుకుని కూర్చుని ఆ పొగకి చనిపోయినవాళ్ళు అక్కడ ఉన్నారు. దేశం మారింది, ఎండ పోయి మంచు వచ్చింది, పిల్లలకి పండగా తల్లికి నిద్ర లేకపోవడమూ మాత్రం మా వాకిట్లో ఉన్నట్టే ఉన్నాయి.

ఒకటి చాలు

అప్పుడు నాకొచ్చిన ఆలోచన ఇది. మనుషుల్ని దగ్గర చేసింది చీకటి కాదు. ఇంటికి ఒకటే దీపం ఉండటం. అలాంటప్పుడు ఆ "ఒకటి"ని మాత్రం ఉంచుకుని, అమ్మ మోసిన బరువుని తీసెయ్యలేమా? ఇన్వర్టర్ సరిగ్గా ఆ పని చెయ్యగలదు. కానీ మనం దాన్ని పెట్టించుకునే పద్ధతే వేరు. కరెంటు పోయిందని కూడా తెలియకుండా ఉండాలి, అదే మంచి ఇన్వర్టర్ అంటాం. ప్రతి గదికీ లైను లాగుతాం. కరెంటు పోతుంది, వస్తుంది, ఎవరి గదిలో వాళ్ళుంటారు. లిఫ్టు ఆగితేనో ఏసీ ఆగితేనో తప్ప పోయినట్టే తెలీదు.

లెక్క కూడా నా వైపే ఉంది. మామూలుగా ఇళ్ళలో పెట్టే 150 ఏహెచ్ (బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత) బ్యాటరీ మీద నాలుగు పాత ఫ్యాన్లు, అరడజను లైట్లు, టీవీ కలిపి వేస్తే మూడు గంటలు వస్తే ఎక్కువ. ఒక ఫ్యాను, ఒక లైటు మీద అయితే రాత్రంతా వస్తుంది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, ఎల్ఈడీ బల్బు 9 వాట్లే. కాబట్టి బ్యాటరీని ఖాళీ చేసేది లైట్లు కాదు, గదికో ఫ్యాను. అసలు పెద్ద గాలివానకి కదా కరెంటు ఎక్కువసేపు పోయేది. ఆ రోజున మూడు గంటల బ్యాటరీతో ఏం చేస్తాం?

వంటింటి పాయింటు గురించి ఎలక్ట్రీషియన్‌తో గట్టిగా చెప్పడానికి కారణం ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. హాల్లో అందరం చల్లగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే వంటింట్లో ఒకరు చెమటలో ఉంటే ఇంక మా అమ్మ రోజులకీ వీటికీ తేడా ఏముంది? ఆ రెండింటిలో ఒక్క చోటికే లైను వెయ్యగలమంటే వంటింటికే ముందు వెయ్యమంటాను.

నాకున్న అనుమానాలు

అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం మా అమ్మాయి చెప్పింది. "అమ్మా, నీ రోజుల్లో లాంతరు ఒకటే. ఇప్పుడు మా చేతిలో ఫోనే దీపం. హాల్లో కూర్చోబెట్టినా దాంట్లోనే ఉంటాం కదా." నిజమే. దీపం ఇప్పుడు ఇంటికొకటి కాదు, మనిషికొకటి. దాని వెలుతురు కూడా ఒక మొహానికే సరిపోతుంది. చాలా రోజులు దీనికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు మే నెల ఇచ్చింది. విశాఖలో మే నెల రాత్రి గాలి ఆడదు, సముద్రం పక్కనే ఉన్నా ఒళ్ళంతా జిగటగా ఉంటుంది. ఒక రాత్రి తొమ్మిదిన్నరకి కరెంటు పోయింది. పది నిమిషాల్లో ఒక్కొక్కరే దిండు పట్టుకుని హాల్లోకి వచ్చారు. ఫోన్లు చేతుల్లోనే ఉన్నాయి. వాళ్ళు వచ్చింది లైటు కోసం కాదు, ఫ్యాను కోసం. ఫోను అన్నీ ఇస్తుంది కానీ గాలి ఇవ్వదు. ఇప్పుడు మనల్ని ఒకచోట కూర్చోబెట్టగలిగేది దీపం కాదు, ఫ్యానే అని నాకు ఆ రాత్రి తెలిసింది.

ఫోన్లు పక్కన పెట్టమని నేను చెప్పలేదు. అలా చెబితే అది క్లాసు పీకినట్టవుతుంది. ఊరికే అలా ఒక గదిలో ఉన్నాం. ట్యూబ్‌లైటు కళ్ళలో పడుతోందని అత్తగారు అంటే తీసేశాం. అమ్మాయి ఫోను చూసి కిసుక్కుమంది. ఎందుకే నవ్వుతున్నావని అత్తగారు అడిగారు. అది చెప్పింది. ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. అర్థమయ్యాక ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. కొంతసేపటికి ఫోన్ల వెలుతురు ఒక్కొక్కటే ఆరింది.

అప్పుడు చాప మీంచి మావాడి గొంతు వినపడింది. "నాన్నా, ఫిజిక్స్ నాకేమీ అర్థం కావట్లేదు. ఆరు నెలల నుంచీ." వాడు ఎంపీసీ ఫస్టియర్. రోజూ భోజనాల దగ్గర ఎలా ఉంది క్లాసు అంటే "బానే ఉంది" అనేవాడు. మావారు వెంటనే ఏమీ అనలేదు. ఆయన మొహం వాడికి కనపడదు, వాడి మొహం ఆయనకి కనపడదు. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. కొంతసేపయ్యాక ఆయన, "ఏ చాప్టర్ నుంచి?" అని అడిగారు. అంతే. కోప్పడలేదు, టెన్షన్ పడలేదు. వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను నిద్రపోయినట్టు పడుకున్నాను. అదే మాట వాడు వెలుతురులో, ఆయన ఎదురుగా నిలబడి చెప్పగలిగేవాడా? వాడే తర్వాత "చెప్పేవాణ్ణి కాదమ్మా" అన్నాడు.

ఒక్క రాత్రి చూసి సిద్ధాంతం చెయ్యకూడదని నాకూ తెలుసు. ఆ తర్వాత రెండుసార్లు కరెంటు పోయింది. ఒకసారి పిల్లలు ఫ్యాను ఎవరి వైపు తక్కువొస్తోందని కొట్టుకున్నారు. ఇంకోసారి మావారు విసుక్కుని కారులో ఏసీ వేసుకుని కూర్చున్నారు. అప్పుడు నాకూ చిరాకేసింది. పైగా ఇంటి పెత్తనం నా చేతిలో ఉంది కాబట్టి నేను అనుకున్నట్టు లైను వేయించాను. వాళ్ళని అడిగితే వద్దనేవారు. మంచికే అయినా, గాలి ఆపేసి మనుషుల్ని ఒకచోటికి తోలడం సరైనదేనా అని ఇప్పటికీ నాకు తేలలేదు. ఇద్దరు ముగ్గురు స్నేహితులు వారానికో గంట మెయిన్ ఆపేసి కూర్చుంటున్నామని చెప్పారు. నాకది నచ్చలేదు. గోడ గడియారం చూసుకుంటూ కూర్చునే కలయికలో ఎవరూ ఫిజిక్స్ గురించి చెప్పరు. కరెంటు పోవడంలో ఉన్న గొప్పదనం, అది ఇంట్లో ఎవరి తప్పూ కాకపోవడం. ఎవరూ ఎవరినీ పిలవక్కర్లేదు, పిలిచారని మొహమాటపడక్కర్లేదు.

ఇక రాజీ పడకూడని విషయం ఒకటుంది. మా కింది ఫ్లాటులో ఒక పెద్దాయన రాత్రిళ్ళు ఆక్సిజన్ మిషను మీద ఉంటారు. ఆయన ఇంట్లో లైను ఎక్కడికి వెయ్యాలో చెప్పడానికి నేనెవర్ని? చంటిపిల్లలున్న ఇల్లు, జబ్బు మనిషి ఉన్న ఇల్లు, పబ్లిక్ పరీక్షలున్న ఇల్లు ఎవరి అవసరం వాళ్ళది. నేను మాట్లాడేది ఆరోగ్యంగా ఉండి, తలో గదిలో ఉన్న మాలాంటి ఇళ్ళ గురించే.

మా ఇంట్లోనూ ఒక మార్పు చెయ్యాల్సి వచ్చింది. గత నెల అమ్మ వచ్చి పది రోజులుంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోతే అత్తగారు, అమ్మ ఇద్దరూ హాల్లో ఫ్యాను కింద చేరారు. అమ్మ నాతో లోగొంతుకతో, "మీ అత్తగారికి మోకాళ్ళు పట్టేస్తాయి, రాత్రిపూట దిండు పట్టుకుని హాల్లోకి ఎలా వస్తారే? ఆవిడ అడగరు. నీకు తెలియాలి కదా" అంది. నాకు నిజంగా తట్టలేదు. ఆవిడ జీరో బల్బు చాలన్నారు, నేను సరే అనేశాను. మే నెల ఆ రాత్రి కూడా ఆవిడ గోడ పట్టుకునే వచ్చారు, మేమంతా నవ్వుకున్న రాత్రే.

ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. ఆదివారం వస్తానన్నాడు. అత్తగారి గదిలో ఫ్యాను, మంచం దగ్గర లైటు ఇన్వర్టర్ లైనుకి కలపమన్నాను. మావాడు వెనకనుంచి "మరి నా గదికో?" అని అరిచాడు. వాడికి పరీక్షలయ్యేదాకా టేబుల్ దగ్గర లైటు ఒక్కటి ఇస్తానన్నాను. ఫ్యాను మాత్రం హాల్లోనే.